మీ నాయనకు భాష తెలిసిన దేశానికే పోండి

నాన్నకు వచ్చే ఏడాది 70 నిండుతాయి, అమ్మానాన్నల్ని, పిల్లల్ని అందరినీ కలిపి విదేశానికి తీసుకుపోవాలి, స్విట్జర్లాండా, బాలీనా, దుబాయా అని మీరు అడిగారు. పుట్టినరోజు ఎవరిదో ఆ మనిషి పొద్దున్నే లేచి, ఎవరి తోడూ లేకుండా వీధిలోకి పోయి, కాఫీ అడిగి తాగి, చిల్లర లెక్క చూసుకుని తిరిగి రాగలిగే ఊరేదో చూడండి. మంచుకొండలు, సముద్రాలు ఆ తర్వాత.

మాది చిత్తూరు, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాం. మా పక్క పెద్దవాళ్లలో చాలామందికి తమిళం నోటి మీదుంటుంది. మా నాయన బెల్లం వ్యాపారం చేసిన మనిషి, వేలూరు, గుడియాత్తం మండీల్లో బేరాలాడి నేర్చుకున్న తమిళం ఆయనది. సింగపూర్‌లో అధికార భాషలు నాలుగు, అందులో తమిళం ఒకటి. కాబట్టి ఆయన 70కి సింగపూర్ అన్నాను నేను.

డాలస్‌లో ఉన్న మా అన్న మాత్రం యూరప్ అని పట్టుబట్టాడు. మీకూ మాకూ మధ్యలో ఉంటుంది, ఇద్దరికీ సగం సగం దూరం అని లెక్క చెప్పాడు. మధ్యలో దిగి కలుసుకోవడానికి అదేమన్నా రేణిగుంట జంక్షనా? పైగా యూరప్‌కు తీసుకునే షెంజెన్ వీసాకు వేలిముద్రలు ఇయ్యాల. రేషన్ షాపు మిషన్‌కే మా నాయన వేలు పడదు. సింగపూర్‌కు వీసా కావాలి గానీ ఏజెంటు ఆన్‌లైన్‌లో పెట్టేస్తాడు, ముసలివాళ్లను ఎక్కడికీ తిప్పే పని లేదు.

తేదీ గురించి కూడా ఒక మాట. 70కి భీమరథ శాంతి చేయించేది జన్మనక్షత్రం చూసి. పాస్‌పోర్టులో ఉండేదేమో బడిలో చేర్చిన రోజు అయ్యవారు రాసుకున్న తేదీ. ఆ తరంలో ఎంతమంది జులై 1న పుట్టారో చూడండి, దేశమంతా ఆ రోజే కాన్పులయినట్టు ఉంటుంది. శాంతిని, విమానాన్ని ఒకే రోజుకు కలపాలని చూస్తే రెండూ చెడతాయి. మేం శాంతి ఇంట్లో చేయించేసి, ప్రయాణం పిల్లకాయల సెలవులకు పెట్టుకున్నాం. రేణిగుంట నుంచి సింగపూర్‌కు విమానం లేదు కాబట్టి చెన్నైకి కారులో పోవడమే. అక్కడి నుంచి నాలుగు గంటల పైచిలుకు.

ప్యాకేజీ జోలికి పోవద్దని గట్టిగా చెప్తాను. ఒక ఏజెంటు మాకు చూపించిన కాగితంలో ఉదయం ఏడింటికి బస్సు, రాత్రి ఏడింటికి పనీర్ బటర్ మసాలా, మధ్యలో పదకొండు చోట్ల ఫోటోలు. డెబ్బై ఏళ్ల మగమనిషికి గంటకోసారి బాత్‌రూం కావాలని ఆ కాగితం రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంక అసలు సంగతి. లిటిల్ ఇండియా పక్కనే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. (మామూలు ఇళ్లను 3 నెలలకన్నా తక్కువకు అద్దెకివ్వడం అక్కడ చట్టం ఒప్పుకోదు, నెట్‌లో చవగ్గా కనిపించినా డబ్బు కట్టకండి.) మొదటి రోజంతా మా నాయన ముభావంగా ఉన్నాడు. విమానాశ్రయంలో వీల్‌చెయిర్ తెస్తే, "నేనేం మూటనా తోసకపోను?" అని నడిచే వచ్చాడు, అమ్మ మాత్రం హాయిగా కూర్చుంది. గార్డెన్స్ బై ద బేలో ఆ పెద్ద పెద్ద ఇనుప చెట్ల కింద నిలబడి, "నీళ్లు పోసే పని లేదు, బాగుండాది" అన్నాడు. అంతే. అందరం ఆయన కోసమే వచ్చాం, ఆయనేమో మా వెనక సంచీ పట్టుకుని నడుస్తున్నాడు.

మరుసటి రోజు పొద్దున ఆరున్నరకు లేచి చూస్తే మనిషి లేడు. ఫోన్ మంచం మీదే ఉంది. అన్న చొక్కా గుండీలు వంకరగా పెట్టుకుని కిందికి పరిగెత్తాడు. వదిన పోలీసు నంబరు వెతుకుతోంది. అమ్మ మాత్రం జడ వేసుకుంటూ, "యాడికి పోతాడు, కాపీకి పోయుంటాడు, అరవమాట చెవినబడితే ఆయన ఆగుతాడా" అంది. టెక్కా మార్కెట్ వైపు పోయాం. కూరగాయలు, చేపలు, పూలు, అరటాకులు అన్నీ దొరికే చోటది. ఆ పక్క వీధిలో ఒక సరుకుల అంగడి ముందర, గోతాం మీద కూర్చుని ఉన్నాడు మా నాయన. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో బెల్లం అచ్చు.

అంగడాయనది పుదుక్కోట్టై పక్కనట. ఇద్దరూ గొడవపడుతున్నారనుకున్నా. కాదు, మా నాయన పాఠం చెప్తున్నాడు. ఆ బెల్లం లేత పసుపుగా మెరిసిపోతోంది కదా, అది హైడ్రోసు (రంగు తేలడానికి కలిపే రసాయనం) పడిన రంగు అని, మంచి బెల్లం గోధుమ రంగులోనే ఉంటుందని, విరిస్తే ఎట్ల విరగాలో చూపిస్తున్నాడు. అంగడాయన, "అయ్యా, ఇక్కడ జనం తెల్లదే అడుగుతారు" అని తమిళంలో మొర పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి మా నాయన, "పాపా, రా. ఈయనకు మంచి సరుకు యాడ దొరుకుతుందో చెప్తా ఉండాను, చీటీ రాసీ" అన్నాడు. అన్న ఏదో కసురుకోబోయి ఊరకుండిపోయాడు. డాలస్ నుంచి వచ్చిన మా అన్న కొడుకు తాత ముందర కూర్చుని, బెల్లం ముక్క నోట్లో పెట్టుకుని, "దిస్ వన్ ఈజ్ బ్యాడ్?" అని పరీక్ష రాస్తున్నాడు.

అక్కడి నుంచి ఇంక మా నాయనే మేస్త్రీ. 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో టిఫిను ఆయనే చెప్పించాడు, ఎవరికి ఏం కావాలో మమ్మల్ని అడగలేదు. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడికి దారి ఆయనే కనుక్కున్నాడు. మురుగన్ పండగ తైపూసం ఊరేగింపు బయల్దేరేది అక్కడి నుంచే అని ఎవరో చెప్తే, పెరుమాళ్ గుడి నుంచి మురుగన్ కావళ్లు ఎందుకు బయల్దేరతాయని పూజారిని నిలదీశాడు. బయటికొచ్చి, "కొండ కింద కాపురముండి దర్శనానికి తీరిక లేదు, ఈడికొచ్చి మొక్కుతా ఉండాం" అని మా మీద ఒక చురక.

యూనివర్సల్ స్టూడియోస్‌కు పిల్లకాయల్ని అన్నావదినలు తీసుకుపోయారు. అందరూ అన్నిచోట్లకీ కలిసే పోవాలన్న పట్టుదల వదిలేయండి, రాత్రి భోజనానికి కలిస్తే చాలు.

తమిళం వినబడే మలేషియా అయినా ఇదే లెక్క. అయితే అక్కడి మురుగన్ గుహ గుడి బటు కేవ్స్‌లో 272 మెట్లుంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందనే ఉన్న 140 అడుగుల మురుగన్‌కు దండం పెట్టుకుని కాఫీ తాగవచ్చు, సుబ్రహ్మణ్యస్వామి ఏమీ అనుకోడు.

పాస్‌పోర్టులన్నీ తీసి చూడండి, ప్రయాణం నాటికి ఇంకా 6 నెలల గడువుండాలి. పిల్లలవి 5 ఏళ్లకే అయిపోతాయి, అందరూ మరిచేది అవే. ప్రయాణ బీమా 70 లోపలే తీసుకునే వీలుంటే తీసుకోండి, ఆ వయసు దాటితే ప్రీమియం పెరుగుతుంది. బీపీ, షుగర్ మాత్రలకు డాక్టరు చీటీ వెంట ఉండాలి. నిద్రమాత్రలైతే కొన్నింటికి సింగపూర్‌లో ముందే అనుమతి కావాలి. అమ్మ కట్టే మసాలా పొట్లంలో గసగసాలు ఉన్నాయేమో చూడండి. సింగపూర్‌లోనూ దుబాయ్‌లోనూ అవి నిషేధం. మా అమ్మ ఈ సంగతి విని, గసాలు లేని కుర్మా కుర్మానేనా అని వారం రోజులు సణిగింది.

మీ నాన్నకు తమిళం రాదు, హిందీ వచ్చంటే దుబాయ్ చూడండి, అక్కడ టాక్సీవాడి నుంచి టీ అంగడివాడి దాకా హిందీ నడుస్తుంది. తెలుగు తప్ప ఇంకేదీ రాదంటారా, అయితే మా అన్న ఉండే డాలస్‌కే పోండి. మీ నాన్న పార్కులో అడుగు పెడితే చాలు, నడకకొచ్చిన తెలుగు తాతలు నలుగురు తగులుతారు. వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరికితే.