చిప్ పోయిందా, వెలుగు తగ్గిందా?

ప్రశ్న: నాన్నగారు వాడిన పోర్టబుల్ సీడీ ప్లేయర్‌ను భద్రంగా దాచుకున్నాను. ఈ మధ్య ప్లే నొక్కితే లోపల టిక్కుటిక్కుమని చిన్న చప్పుడు వచ్చి, తెరమీద ‘నో డిస్క్’ అని పడుతోంది. కొన్న సీడీలు అప్పుడప్పుడు పాడుతున్నాయి గాని, మా మేనల్లుడు కంప్యూటర్‌లో రాసిచ్చిన సీడీ మాత్రం అసలు పాడదు. శ్రీకాకుళంలో రిపేరు షాపుకు తీసుకువెళ్తే, “ఆర్‌ఎఫ్ యాంప్లిఫైయర్ చిప్ పోయిందమ్మా, ఇప్పుడు దొరకదు” అన్నారు. యాంప్లిఫైయర్ పోతే పాట సన్నగా వినిపించాలి గాని, సీడీయే లేదని ఎందుకు చెబుతుంది?
– ఒక పాఠకురాలు, కళింగపట్నం

జవాబు: మీ సందేహం సరైనదే. ఇయర్‌ఫోన్లకు పాటను పెంచి పంపే యాంప్లిఫైయర్ వేరు, మీకు చెప్పిన చిప్ వేరు. ఈ రెండోది పెంచేది పాటను కాదు, సీడీ మీద పడి తిరిగివచ్చిన వెలుగు నుంచి పుట్టిన అతి సన్నని కరెంటును.

సీడీలో 1.6 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఎడంతో, లోపలి నుంచి అంచు దాకా చుట్టలు చుట్టుకుంటూ పోయే గుంటల వరుస ఉంటుంది. లేజరు కిరణం గుంట లేని చోట పడితే వెలుగు దండిగా తిరిగివస్తుంది. గుంట మీద పడితే, గుంటలోంచి వచ్చిన వెలుగూ దాని పక్కనుంచి వచ్చిన వెలుగూ ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి కాబట్టి తక్కువ వస్తుంది. ఈ హెచ్చుతగ్గులను పట్టుకుని కరెంటుగా మార్చే ఫోటోడయోడ్‌లో ఏ, బీ, సీ, డీ అని నాలుగు గదులుంటాయి. ఒక్కొక్క గదిలో పుట్టే కరెంటు మైక్రోఆంపియర్లలోనే ఉంటుంది గనుక, చిప్ ముందుగా దాన్ని వోల్టేజీగా మార్చి, నాలుగింటినీ కలిపి, సుమారు ఒక వోల్టు ఊగిసలాట ఉండే సంకేతంగా పెంచుతుంది. అందులో అతి పొట్టి గుంటలు సెకనుకు సుమారు 7 లక్షల 20 వేల సార్లు, అతి పొడుగువి 1 లక్షా 96 వేల సార్లు ఊగే తరంగాలను ఇస్తాయి. ఇవి రేడియో తరంగాల స్థాయి వేగాలు కావడం వల్లనే దానికి ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) అనే పేరు వచ్చింది. రేడియోతో వేరే సంబంధమేమీ లేదు.

మీ ప్రశ్నకు అసలు సమాధానం ఆ చిప్ చేసే రెండో పనిలో ఉంది. తిరిగే సీడీ ఎంతో కొంత ఎత్తుపల్లాలుగా ఊగుతూనే ఉంటుంది. లేజరు కిరణాన్ని సీడీ మీద కేంద్రీకరించే లెన్స్ మాత్రం దానికి కొద్ది మైక్రాన్ల తేడాలోపే సరైన దూరంలో నిలవాలి. ఇందుకోసం వెలుగును ఒక స్తూపాకార లెన్స్ గుండా పంపుతారు. దూరం సరిగ్గా ఉంటే నాలుగు గదుల మీదా గుండ్రని చుక్క పడుతుంది. సీడీ దగ్గరైతే ఆ చుక్క ఒక మూలకు, దూరమైతే రెండో మూలకు కోడిగుడ్డులా సాగుతుంది. ఎదురెదురు మూలల్లోని ఏ, సీ గదుల మొత్తం నుంచి బీ, డీ గదుల మొత్తాన్ని చిప్ తీసివేస్తుంది. వచ్చిన తేడా సున్నా అయితే లెన్స్ కదలనక్కరలేదు; ధనమో ఋణమో అయితే ఎటు జరగాలో తెలిసిపోతుంది. త్రాసు ముల్లును చూస్తూ బియ్యం వేసే వ్యాపారి చేసే పని ఇదే, కాకపోతే ఇక్కడ అది క్షణం ఆగకుండా జరగాలి. కిరణం గుంటల వరుస తప్పకుండా చూసేందుకు చాలా ప్లేయర్లలో పక్కన మరో రెండు గదులు ఉంటాయి.

మీరు వింటున్న టిక్కుటిక్కు లెన్స్ పైకీ కిందికీ కదులుతూ ఆ సరైన దూరాన్ని వెదుకుతున్న చప్పుడు. తగినంత వెలుగు తిరిగిరాకపోతే ‘ఫోకస్ దొరికింది’ అన్న సంకేతం చిప్ నుంచి వెళ్లదు. రెండు మూడు సార్లు వెదికి, ప్లేయర్ సీడీ లేదనే నిర్ణయానికి వస్తుంది. పాట సన్నబడకుండా అసలే రాకపోవడానికి కారణం ఇదే.

అయితే చిప్ పోయిందన్న మాటను నేను ఒప్పుకోలేను. నిజంగా పోతే ఏ సీడీ అయినా అప్పుడప్పుడైనా పాడటం అరుదు. మామూలు సీడీ తన మీద పడిన వెలుగులో కనీసం 70 శాతం తిప్పి పంపుతుంది. చెరిపి మళ్లీ రాసుకునే రకం 15 నుంచి 25 శాతం మాత్రమే పంపుతుంది. మీ మేనల్లుడు ఇచ్చింది ఆ రెండో రకమైతే, పాత ప్లేయర్ల చిప్‌లకు అంత తక్కువ వెలుగు చాలదు. కొన్నవి కూడా తడబడుతున్నాయంటే వెలుగు ఎక్కడో తగ్గుతోందన్నమాట. కళింగపట్నం గాలిలో ఉప్పు తేమ ఉంటుంది. అది లెన్స్ మీద కంటికి ఆనని పొరగా పేరుకుని ఉండవచ్చు.

బ్యాటరీలు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూదిపుల్లతో లెన్స్‌ను తేలికగా తుడవండి. అది సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది, నొక్కితే వంగిపోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం వాడకండి. మూత తెరిచి ఉన్నప్పుడు లోపలికి చూడటం ప్రమాదం. 780 నానోమీటర్ల ఆ లేజరు మన కంటికి దాదాపు కనబడదు. లేజరు పక్కనున్న చిన్న స్క్రూను తిప్పి వెలుగు పెంచుతామని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు, కొన్నాళ్లు పాడి లేజరు డయోడే కాలిపోతుంది.

తుడిచినా మారకపోతే, ఆసిల్లోస్కోప్ (కరెంటు తరంగాలను తెరమీద గీసి చూపే పరికరం) ఉన్న మెకానిక్ దగ్గరకు వెళ్లి, పాడే సీడీ వేయించి, ఆర్‌ఎఫ్ టెస్ట్ పాయింట్ దగ్గర చూడమనండి. ఒకదానిమీద ఒకటి పడిన తరంగాల నడుమ డైమండ్ ఆకారపు ఖాళీలు స్పష్టంగా కనబడితే చిప్ క్షేమం. అవి మసకబారి, ఎత్తు బాగా తగ్గి ఉంటే ముందు లేజరు కరెంటును కొలిపించండి. లేజరు, ఫోటోడయోడ్ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకనే చిప్ సంగతి ఆలోచించాలి.