డిస్కులు కనపడకపోతే ముందు చెయ్యి వెనక్కి తీసుకో

నెల్లూరు,
ఆదివారం

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. బియ్యం ధరతో మొదలుపెట్టి నీ దగ్గరికొచ్చింది. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో మూలన పడేసిన సర్వర్‌ని నువ్వు బతికిస్తున్నావంట. మూడు రోజులుగా ఇన్‌స్టాలేషన్ ముందుకు పోవడం లేదంట. ఒంగోలు ఇంటికి రాత్రి పదింటికి చేరి అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్ గెలుకుతున్నావంట. "నువ్వు చెప్తే వింటుంది, వదిలెయ్యమని చెప్పన్నా" అంది. నేనెందుకు చెప్తాను? మన ఇంట్లో నా తర్వాత ఆ పెట్టె మూత తీసింది నువ్వే. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. "డిస్కులన్నీ కడిగేసి మళ్ళీ మొదట్నుంచి పెడతానంటోంది." ఆ "కడిగేసి" అనే మాటకి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్తే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. ఐఎస్ఓ ఫైలు, అంటే నువ్వు దింపుకున్న ఇన్‌స్టాలేషన్ ఫైలు, తేడా లేకుండా దిగిందో లేదో దాని చెక్‌సమ్‌తో సరిచూసుకో. ఇంకో పెన్ డ్రైవ్ మీద రాసి చూడు. బోర్డు మీద సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ ఉంటుంది, దాన్ని మార్చేయ్. తేదీ ఎప్పటిదో చూపిస్తుంటే నెట్ నుంచి ప్యాకేజీలు తెచ్చేటప్పుడు సర్టిఫికెట్ చెల్లదని గొడవ చేస్తుంది. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రంతా నడవనీ.

దుమ్ము సంగతి మాత్రం ఒక లైనుతో పోదు. మీది రాయి కోసే ఊరు. బ్లాక్ గెలాక్సీ పలకలో చుక్కలు చూడ్డానికి బాగుంటాయి గానీ, ఆ కోత పొడి హీట్ సింక్ రెక్కల్లో దూరిందంటే ఫ్యాన్లు ఎంత అరిచినా ప్రాసెసర్ చల్లబడదు. వెనక రెండు పవర్ సప్లైలు ఉంటాయి, రెండు వైర్లూ పీకెయ్. ఒకటి పీకి ఆఫ్ అయిందనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. పెట్టెని బయటికి తీసుకెళ్ళి బ్లోయర్ కొట్టు, ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకో. నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710. 2009లో వచ్చిన బండి. డిస్కులన్నీ ఉంటే ఇరవై ఆరు కిలోల దాకా తూగుతుంది. ఒక్కదానివే ఎత్తావంటే ఊరుకోను, ఆఫీసు కుర్రాణ్ణి ఎవరినైనా పిలువు.

ఇక నా కథ. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

2005 మే నెల, రోహిణీ కార్తె ఎండలు. నెల్లూరు దగ్గరే ఒక రొయ్యల మేత డీలరు ఆఫీసు. ఎవరని అడక్కు. అల్లూరు, విడవలూరు వైపు చెరువుల వాళ్ళంతా అక్కడ మేత అప్పు మీద తీసుకెళ్ళి, రొయ్యల పట్టుబడి అయ్యాక కట్టేవాళ్ళు. ఎవరు ఎంత బాకీ అన్నదంతా సర్వర్‌లో ఉంది. మూడు డిస్కులు, రెయిడ్ 5, అంటే మూడింటినీ ఒకే డ్రైవ్‌లా కలిపి కట్టే పద్ధతి. ఒక డిస్కు పోయినా డేటా పోదని వాళ్ళకి గర్వంగా చెప్పింది నేనే. విండోస్ తరచూ మొరాయిస్తుంటే, సీ డ్రైవ్‌లో కొత్తగా విండోస్ 2003 సర్వర్ వేద్దాం, డీలో ఉన్న లెక్కలు కదిలించొద్దు అనుకున్నాను. బ్యాకప్ ఉందా అంటే ఉంది. ఎక్కడ? అదే డీ డ్రైవ్‌లో ఇంకో ఫోల్డర్‌లో. నవ్వుకో, పర్లేదు.

ఆ రోజుల్లో సీడీ పెట్టి బూట్ చెయ్యగానే నీలం స్క్రీన్ అడుగున ఒక్క వరుస కొన్ని సెకన్లు కనపడేది. డిస్కుల్ని నడిపే రెయిడ్ కార్డుని విండోస్ గుర్తుపట్టేలా దాని డ్రైవర్ ఇవ్వాలంటే అప్పుడే ఎఫ్6 నొక్కాలి, ఫ్లాపీ పెట్టాలి. ఆ కాసేపట్లో కరెంటు పోయి వచ్చి, యూపీఎస్ కూత పెడుతుంటే అటు చూశాను. వరుస దాటిపోయింది. కాసేపటికి సెటప్ చెప్పింది, ఈ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కులేమీ కనపడలేదని.

అక్కడ నేను ఆగి ఉండాలి. లేచి బయటికెళ్ళి ఒక సోడా తాగి రావాల్సింది. కరెంటు దెబ్బకి రెయిడ్ పాడైందని నాకు నేనే తేల్చుకున్నాను. ఓనరు వెనకే నిలబడి ఉన్నాడు. తెలియదు అనడానికి సిగ్గు. కార్డు మెనూలోకి పోయి, పాత అర్రే (కలిపి కట్టిన డిస్కుల కట్ట) తీసేసి, కొత్తది కట్టి, ఇనిషియలైజ్ కొట్టాను. ఖాయమేనా అని అడిగింది. ఎస్ అన్నాను. పర్సంటేజీ పెరుగుతుంటే టీ తాగుతూ చూశాను అమ్మలూ. నా కళ్ళ ముందే ఆ డిస్కుల మీద వరసగా సున్నాలు రాసుకుంటూ పోతుంటే, పని జరుగుతోందని సంతోషపడ్డాను.

రెండోసారి సీడీ పెట్టినా అదే మాట, డిస్కులు లేవని. అప్పుడు గుర్తొచ్చింది ఎఫ్6. ఫ్లాపీ నా చొక్కా జేబులోనే ఉంది.

ఆ ఆఫీసులో ఒక గుమాస్తా గారుండేవారు. కంప్యూటర్ వచ్చాక కూడా చిట్టా, ఆవర్జా చేత్తో రాసేవారు. "ఇంకా ఈ పుస్తకాలెందుకండీ, అన్నీ ఇందులో భద్రంగా ఉంటాయి" అని జనవరిలో ఆయన చేత రాత మాన్పించింది నేను. డిసెంబరు దాకా ఆయన పుస్తకాల్లో ఉంది. జనవరి నుంచి మే దాకా ఎక్కడా లేదు. డూప్లికేట్ బిల్లు పుస్తకాలు గోతాంలోంచి దులిపి తీసి, ఆయన చదువుతుంటే నేను కొట్టాను, ఇరవై రెండు రోజులు. బిల్లులు దొరకని బాకీలకి ఓనరు చెరువుల వెంట తిరిగాడు. గుమాస్తా గారు ఆ ఇరవై రెండు రోజుల్లో ఒక్కసారి కూడా "నేను చెప్పలేదా" అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు నీ స్క్రీన్ మీద ఏముందో చూడు. నువ్వు వేస్తున్నది రాకీ లైనక్స్ 9, రెడ్‌హ్యాట్ వాళ్ళ లైనక్స్‌ని పోలిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. డిస్కులు కనపడవంటోంది. ఆ బండిలో పెర్క్ 6/ఐ అనే రెయిడ్ కార్డు ఉండుంటుందని నా అనుమానం. రెడ్‌హ్యాట్ వాళ్ళు 8వ వెర్షన్ నుంచి దానికి సపోర్ట్ తీసేశారు, రాకీ కూడా వాళ్ళ దారే. డ్రైవర్ ఉంది, కానీ అది గుర్తుపట్టే కార్డుల పట్టికలోంచి ఈ ముసలి కార్డు పేరు కొట్టేశారు. నాకు ఫ్లాపీ, నీకు పట్టిక. డిస్కుల తప్పు అప్పుడూ లేదు, ఇప్పుడూ ఉండకపోవచ్చు.

ఇన్‌స్టాలర్‌లో ఉండగానే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కితే నల్ల తెర వస్తుంది. లోపల ఏ కార్డులున్నాయో చూపే కమాండ్ ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టి, స్పేస్, డ్యాష్, రెండు ఎన్‌లు. రెయిడ్ కార్డు వరుసలో 1000:0060 ఉంటే నా అనుమానం నిజమే. అప్పుడు రాకీతో కుస్తీ పట్టకు. రాకీ లాంటిదే అయిన ఆల్మాలైనక్స్ వాళ్ళు 9.4 నుంచి ఇలాంటి పాత కార్డులు చాలావాటికి సపోర్ట్ తిరిగి ఇచ్చారు, అది వేసి చూడు. డెబియన్ అనే ఇంకో లైనక్స్ అయినా సరే. రాకీయే కావాలని మీ మేనేజర్ పట్టుబడితే, ఇలాంటి లైనక్స్‌లకి విడిగా డ్రైవర్లు ఇచ్చే ఈఎల్‌రెపో వాళ్ళ డ్రైవర్ డిస్క్ ఉంటుంది, అదే ఈ కాలపు ఎఫ్6. కొత్తది కదా అని రాకీ 10 జోలికి మాత్రం పోకు. దానికి ఏవీఎక్స్2 అనే ఆదేశాల సెట్ ఉన్న ప్రాసెసర్ కావాలి, నీ బండిలోని జియాన్ ప్రాసెసర్‌కి అది లేదు.

ఇదంతా తర్వాత. ముందు ఆ డిస్కుల్లో ఏముందో ఎవరినైనా అడిగావా? "పాతవే, ఏం లేదులే" అన్న మేనేజర్ మాట నమ్మకు. లెక్కలు చూసే ఆయన్ని అడుగు. పాత విండోస్ ఇంకా లేస్తుంటే ట్యాలీ ఫోల్డర్‌ని బయటి డిస్కులోకి తీసుకుని, వేరే కంప్యూటర్లో తెరిచి, ఏదో ఒక మార్చి నెల బ్యాలెన్స్ ఆయన చేతే సరిచూపించు. తెరిచి చూడనిది బ్యాకప్ కాదు.

అది అయ్యాక సర్వర్ ఆపి, డిస్కులు తియ్యి. తీసేముందు ఒక్కోదాని మీద స్లాట్ నంబరు రాసిన స్టిక్కర్ అంటించు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఒకటి నుంచి కాదు. వాటిని బట్టలో చుట్టి బీరువాలో పెట్టించు. కొత్త సిస్టమ్‌కి వేరే రెండు డిస్కులు వేసి, రెండింట్లోనూ ఒకే డేటా ఉండేలా మిర్రర్ కట్టుకో. ఒక్కోటి 2 టీబీ దాటొద్దు, ఆ కార్డుకి అంతకంటే పెద్ద డిస్కు తెలియదు. మద్రాసు రిచీ స్ట్రీట్‌లో నాకు తెలిసిన షాపుంది, గురువారం కంటి డాక్టరు కోసం ఎటూ వెళ్తున్నాను, తెస్తాను. డబ్బుల సంగతి మీ మేనేజర్‌తో నువ్వు మాట్లాడు, నాతో కాదు.

ఎప్పుడైనా పాత డిస్కులు మళ్ళీ పెట్టాల్సి వస్తే అన్నీ కలిపే పెట్టు. ఫారిన్ కాన్ఫిగరేషన్ అని అడుగుతుంది. అక్కడ ఇంపోర్ట్, క్లియర్ అని రెండు పక్కపక్కనే ఉంటాయి. క్లియర్ అంటే శుభ్రం చెయ్యడం అనుకునేవు. అది ఆ డిస్కులు ఒకదానికొకటి ఏమవుతాయో చెప్పే చుట్టరికాన్నే చెరిపేస్తుంది.

గురువారం సాయంత్రం పినాకినిలో మద్రాసు నుంచి నెల్లూరులో దిగకుండా నేరుగా ఒంగోలు వచ్చేస్తాను. మీ అమ్మకి చెప్పు, నాకు మిరియాల చారు చాలు. ఈలోపు స్టిక్కర్లు అంటించిన డిస్కుల ఫొటో పంపు. ఆ ఫొటో నాకు వచ్చేదాకా కంట్రోల్ ఆర్ నొక్కి కార్డు మెనూలోకి పోవద్దు, మేనేజర్ వెనక నిలబడి ఉన్నా సరే.

మీ మామయ్య