తాడు కట్టేముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంజను లేని గ్లైడర్ మోడల్‌ను ఇంజనున్న ఇంకో మోడల్ విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్లి వదిలిపెట్టే ఆట గురించి పోయిన నెల ఇక్కడ నాలుగు మాటలు రాశాను. లాగే విమానాన్ని మేం టగ్ అంటాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ‘ఇంజను ఎన్ని సీసీ ఉండాలి’ అనే అడిగాయి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై రెండేళ్లు లేతు మిషను ముందు నిలబడ్డవాణ్ణి కాబట్టి ఇంజను మాట వినబడితే నా చెవులూ నిక్కుతాయి. కానీ ఈ ఆటలో ఇంజనుది మూడో స్థానం. మొదటిది పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు మనుషుల మధ్య మాట, రెండోది తాడు విడిచే కొక్కెం.

*రెక్కల పొడవు మీటరున్నర ఉన్న ఎలక్ట్రిక్ ట్రైనర్ (ఎగరేయడం నేర్చుకునే మోడల్) నా దగ్గర ఉంది. మూడు మీటర్ల గ్లైడర్ కొనబోతున్నాను. బరువు 4 కిలోలు. నా ట్రైనర్ దాన్ని లాగుతుందా?*
— ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

లాగదు బాబూ. నేలమీద కొంతదూరం లాగి ఆశపెడుతుంది, అంతే. పిండి కొద్దీ రొట్టె. నీ ట్రైనర్‌కు తగినది రెండు మీటర్ల లోపు, కిలో బరువుండే ఫోమ్ గ్లైడర్. ముందు దానితో నేర్చుకో, నష్టమైనా చిన్నదే.

నాలుగైదు కిలోల గ్లైడర్‌కు మేం వాడే టగ్ రెక్కల పొడవు 2.3 మీటర్లు. 50 సీసీ పెట్రోలు ఇంజను, 22 అంగుళాల ప్రొపెల్లర్. పిచ్, అంటే ఒక్క చుట్టుకు అది ముందుకు తొలుచుకుపోయే దూరం, 8 అంగుళాలు. ప్రొపెల్లర్ పెద్దది, పిచ్ తక్కువ. దుర్గ గుడి ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు ఏ గేరులో వెళుతుందో గమనించావు కదా, ఇదీ అంతే. మనకు కావలసింది వేగం కాదు, నెమ్మదిగా వెళుతూ కూడా బరువు మోసే లాగుడు. టగ్ ఎంత బలంగా ఉన్నా నెమ్మదిగా ఎగరలేకపోతే పనికిరాదు. తేలికపాటి గ్లైడర్‌ను వేగంగా లాగితే రెక్కలు అదరడం మొదలవుతుంది. ఆ అదురు పెరిగితే రెక్క విరిగి చేతికొస్తుంది.

ఇంకొక మాట. మన ఎండల్లో ఇంజను నిండు థ్రాటిల్ మీద తక్కువ వేగంతో పైకి ఎక్కుతుంటుంది, అంటే దాన్ని చల్లబరిచే గాలి తక్కువ. ఇంజను మూతకు గాలి లోపలికి వచ్చే కంత కన్నా బయటికి పోయే కంత పెద్దదిగా ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి కోస్తారు. నా దగ్గరికి వచ్చిన మూతల్లో మూడింట రెండు అలాంటివే.

*అసలు విమానాలకు తోక చివరే కొక్కెం ఉంటుంది కదా అని నా టగ్‌కూ అక్కడే పెట్టాను. గ్లైడర్ పక్కకు జరిగితే చాలు, టగ్ నా మాట వినడం లేదు.*
— పాఠకుడు, మంగళగిరి

అసలు విమానాలకు తోక దగ్గరే ఉంటుంది, మీరు చూసింది నిజం. మోడల్‌లో మాత్రం దాన్ని రెక్క వెనక అంచు దగ్గరికి, విమానం వీపు మీదికి తీసుకురండి. బరువు తూగే చోటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. తోక ఒకరి చేతిలో ఉంటే ఎద్దు ఎటు తిరుగుతుంది? విమానాన్ని పక్కకు తిప్పే రడ్డరూ, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటరూ ఉన్నది తోకలోనే, తాడు లాగుతున్నదీ తోకనే అయితే విమానం నడిపేది మీరు కాదు, వెనకనున్న గ్లైడర్. గ్లైడర్‌కు మాత్రం కొక్కెం ముక్కు కొసనే ఉండాలి.

కొక్కెం తయారీ గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. ఇత్తడి గొట్టంలో అటూ ఇటూ జారే 2 మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను, దాన్ని వెనక్కి లాగే సర్వో అనే బుల్లి మోటారు, పిన్నుకు తగిలించిన తాడు ఉచ్చు, ఇంతే సంగతి. సైకిల్ చక్రం పుల్ల కొలతకు సరిగ్గా సరిపోతుంది. తాడు బలం పిన్నుకు అడ్డంగా పడుతుంది కాబట్టి సర్వో మోయవలసింది ఒరిపిడిని మాత్రమే. అందుకే పిన్ను కొస మీద కత్తిరించినప్పటి గరుకు ఉండకూడదు. ఆకురాయితో గుండ్రం చేసి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, పెన్సిలు ముక్కు పొడి పూయండి. వేలి గోరు మీద పిన్ను కొస జార్చి చూడండి. ఎక్కడా తట్టకూడదు.

తరవాత పాత ఇనుము కొట్టులో దొరికే స్ప్రింగ్ కాటా తెచ్చి తాడుకు తగిలించండి. 5 కిలోలు చూపించేదాకా లాగి పట్టుకుని స్విచ్చి నొక్కండి. ఇరవైసార్లు నొక్కితే ఇరవైసార్లూ విడవాలి. పందొమ్మిదిసార్లు విడిచిన కొక్కేన్ని నేను చెత్తబుట్టలో వేశాను, మా బావమరిది దాన్ని తీసి దాచుకున్నాడు. అతను దాన్ని దేనికీ బిగించకుండా నేను చూసుకుంటున్నాను.

*పోయిన ఆదివారం నా గ్లైడర్ టగ్ కన్నా బాగా పైకి లేచిపోయింది. టగ్ ముక్కు నేలకు గుచ్చుకుంది. టగ్ నా స్నేహితుడిది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?*
— పాఠకుడు, నరసరావుపేట

తప్పు మీది. ఖర్చు మాత్రం చెరిసగం. ఎందుకో చెబుతాను.

గ్లైడర్‌ను మనం నింపాదిగా తేలేలా సర్దుకుంటాం. తాడు కట్టి లాగినప్పుడు ఆ వేగం కన్నా ఎక్కువ వేగంలో వెళుతుంది కాబట్టి దాని ముక్కు తనంతట తానే పైకి లేస్తుంది. సంక్రాంతికి గాలిపటం దారం పట్టుకుని పరిగెత్తితే ఏమవుతుందో అదే. గ్లైడర్ పైకి పోయేకొద్దీ తాడు టగ్ వెనక భాగాన్ని పైకి గుంజుతుంది. టగ్ నడిపేవాడు ఎలివేటర్ ఎంత లాగినా ముక్కు లేవదు. కాబట్టి బయలుదేరే ముందే గ్లైడర్ ఎలివేటర్ ట్రిమ్ (కర్ర వదిలేసినా ఎలివేటర్ నిలిచే స్థానాన్ని సర్దే మీట) రెండు మూడు మెట్లు కిందికి పెట్టుకోవాలి. నేల విడిచాక టగ్ కన్నా కొంచెం ఎత్తులో, దాని ప్రొపెల్లర్ చిమ్మే గాలికి పైన ఉండాలి. గ్లైడరే ముందు లేస్తుంది. అప్పుడు ఒక మనిషి ఎత్తు దాటకుండా పట్టి ఉంచి, టగ్ కూడా లేచేదాకా ఆగాలి. ఆ నాలుగైదు సెకన్లు ఆగలేకే ఎక్కువ టగ్‌లు పోతున్నాయి.

ఇది నాకు పుస్తకం చదివితే రాలేదు. నాలుగేళ్ల కిందట గుంటూరు, తెనాలి మధ్య ఒక కోసేసిన మొక్కజొన్న చేలో గ్లైడర్ నాది, టగ్ మా బావమరిదిది. ముప్పై మీటర్ల ఎత్తు కూడా దాటలేదు, నా గ్లైడర్ పైకి పోతోంది. నేను దాని ఎర్రరెక్కల మీద పడ్డ పొద్దుటి ఎండ చూసి మురిసిపోతున్నాను. పక్కనుంచి అతను “బావా, వదులు!” అని అరిచాడు. తాడు వదిలిపెట్టమని అతని ఉద్దేశం. తాడు వదులైందని నాకు అర్థమైంది. వదులైతే బిగించాలి కదా! రిమోట్ మీది కర్రను ఇంకాస్త వెనక్కి లాగాను. గ్లైడర్ ఇంకా పైకి లేచింది, టగ్ తోక ఆకాశానికి, ముక్కు నేలకు తిరిగాయి. నల్లరేగడి నెర్రెలో ప్రొపెల్లర్ సగం దిగబడింది. మామూలుగా నన్ను ‘మీరు’ అని తప్ప పిలవని మనిషి. ఆ రోజు కూడా మర్యాదగా ‘వదలండి’ అని ఉంటే టగ్ బతికేది.

అప్పటినుంచి మా చేలో ‘వదులు’ అన్న మాట నిషేధం. తాడు సడలితే ‘జారింది’, విడిచిపెట్టాలంటే ‘తెంపు’. బయలుదేరే ముందు తాడు బిగిసిందని ‘బిగువు’, సిద్ధమని ‘పో’. మలుపు తిరిగే ముందు టగ్ నడిపేవాడు ‘ఎడమ’ అనో ‘కుడి’ అనో రెండుసార్లు చెప్పాలి. తాడు కట్టకముందు ఇద్దరూ ఈ మాటలు ఒకసారి పైకి అనుకుంటాం. చూసే పిల్లలు నవ్వుతారు, నవ్వనీయండి.

ఇక సగం ఖర్చు మీ స్నేహితుడిదని ఎందుకన్నానంటే, టగ్‌కూ తాడు విడిచే స్విచ్చి ఉంటుంది. గ్లైడర్ వాడు విడుస్తాడని అతను ఎదురుచూడకూడదు. తన విమానం మాట వినడం లేదనిపించిన క్షణాన తనే విడిచేయాలి. మా బావమరిదికి ఆ స్విచ్చి రిమోట్ పైన మూలకు ఉండేది, నొక్కాలంటే చేయి కర్ర మీదనుంచి తీయాలి. ఇప్పుడు ఎడమ చూపుడువేలు ఎప్పుడూ ఆనుకుని ఉండే చోటికి మార్చాడు. మీ స్నేహితుడి స్విచ్చి ఎక్కడుందో ఈ ఆదివారం అడిగి చూడండి.

*తాడు ఎంత పొడవు? ఏ తాడు?*
— పాఠకుడు, గన్నవరం

20 నుంచి 30 మీటర్లు. తాపీమేస్త్రులు గోడ వరస చూసుకోవడానికి కట్టే అల్లిన నైలాన్ దారం చాలు. రబ్బరులా సాగేది వద్దు, లాగి వదిలినట్టు గ్లైడర్ ఎగిరెగిరి పడుతుంది. గ్లైడర్ వైపు కొసన దారం కన్నా బలహీనమైన చేపల గాలపు తీగ ఉచ్చు ఒకటి ఉంచండి. జరగరానిది జరిగితే ముందు తెగేది అదే కావాలి. మనుషులెక్కే గ్లైడర్లకు అమెరికాలో దీనికి లెక్కే ఉంది: తాడు తెగే బలం గ్లైడర్ గరిష్ఠ బరువులో 80 శాతానికి తగ్గకూడదు, రెట్టింపుకు మించకూడదు. కొసకు జానెడు ఎర్రగుడ్డ పీలిక కట్టండి, చేలో వెతుక్కోవడానికి.

గ్లైడర్ విడిచాక ఆ తాడు టగ్ వెనకే వేలాడుతూ ఉంటుందని మరవకండి. మన చేల గట్ల మీద బోరు మోటార్ల కరెంటు తీగలూ తాడిచెట్లూ ఉంటాయి. దిగే ముందు చేను మధ్యకు వచ్చి తాడు జారవిడిచి, అప్పుడు దిగాలి.

*మా ఆయన మీ శీర్షిక చదివి రెండో విమానం కొనాలంటున్నారు. గ్లైడర్‌కే ఒక మోటారు పెడితే పోదా?*
— గృహిణి, విజయవాడ

పోతుందమ్మా. ముక్కున చిన్న మోటారు, మడుచుకునే ప్రొపెల్లర్ పెట్టుకుంటే ఒక్కడే వెళ్లి ఎగరేసుకుని రావచ్చు. ఎఫ్5జె అనే అంతర్జాతీయ పోటీ అలాంటి గ్లైడర్లదే. అందులో మోటారు ఒక్కసారే నడపాలి, 30 సెకన్లకు మించకూడదు. మామూలు రోజుల్లో నేనూ అదే చేస్తాను. తాడు కట్టి లాగే పద్ధతి 1927 నుంచి జర్మనీలో అసలు గ్లైడర్లకే ఉంది, ఆ కాలపు గ్లైడర్‌కు నకలు చేసుకున్నవాడికి దాని ముక్కు కోసి మోటారు పెట్టడానికి మనసొప్పదు. మీ ఆయన రెండో విమానం కొనకుండా టగ్ ఉన్న స్నేహితుణ్ణి వెతుక్కోవచ్చని చెప్పండి. ఖర్చు పెట్రోలు, టిఫిన్లు.

*అనుమతి కావాలా? ఎంత ఎత్తు పోవచ్చు?*
— పాఠకుడు, తాడేపల్లి

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలే మనకూ వర్తిస్తాయి. సరదాకో చదువుకో కంటికి కనిపించే దూరంలోనే నడిపే, 25 కిలోలు మించని వాటిని మోడల్‌గా లెక్కేస్తారు. ముందస్తు అనుమతి అక్కరలేని చోటును పచ్చ మండలం అంటారు, అక్కడ ఎత్తు హద్దు 120 మీటర్లు. విమానాశ్రయం హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఉన్న చోట 60 మీటర్లే. మీకు గన్నవరం ఒకవైపు, రాజధాని ప్రాంతం ఇంకొకవైపు ఉన్నాయి. పౌర విమానయాన శాఖ ఆన్‌లైన్‌లో పెట్టిన పటాన్ని ఎగరేసే రోజు పొద్దున్నే చూసుకోండి, స్థానిక పోలీసు స్టేషనులో ఒక మాట చెప్పి ఉంచండి. చేను రైతుకైతే ముందే చెప్పాలి, అది వేరే రాయనక్కరలేదు.

*120 మీటర్ల నుంచి విడిస్తే ఎంతసేపు తేలుతుంది? మూడు నిమిషాల కోసం ఇంత హంగామానా?*
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్తెనపల్లి

మాస్టారూ, లెక్క సరిగ్గానే వేశారు. సెకనుకు 60 సెంటీమీటర్లు దిగే గ్లైడర్ 200 సెకన్లలో నేలకు వస్తుంది, ఆకాశం ఏమీ ఇవ్వకపోతే. మన వైపు ఆకాశం ఇస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మీ చుట్టుపక్కల మిరపకాయలు ఎండబోసిన కల్లాలు ఉంటాయి కదా. పొద్దున పదిన్నర దాటాక వాటి మీదనుంచీ దున్నిన నల్లరేగడి మీదనుంచీ వేడిగాలి బుడగలా లేస్తుంది. ముందుగా కనిపెట్టేది గద్దలు. రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతున్న గద్ద కనిపిస్తే టగ్ నడిపేవాడికి చెప్పండి, అతను అటు తీసుకెళ్లి విడుస్తాడు. గద్ద ఎటు తిరుగుతుంటే మీరూ అటే తిరగండి, ఎదురు తిరిగితే అది కోప్పడి మీదికి వస్తుంది. మోడల్ రెక్క మీద గోళ్ల గీతలు నాకున్నాయి. పైకి తోసే గాలి దొరికాక మీ పని ఎక్కడం కాదు, 120 దాటకుండా చూసుకోవడం. పోయిన మార్చిలో ఒక్క లాగుడుతో నలభై ఒక్క నిమిషాలు తిప్పాను, దింపడానికి రెండుసార్లు స్పాయిలర్లు, అంటే రెక్క మీద లేచి దాని తేలుడు తగ్గించే పలకలు, తెరవాల్సి వచ్చింది.

*మీరు ఎగరేసేటప్పుడు చూడటానికి రావచ్చా?*
— పదో తరగతి విద్యార్థిని, తెనాలి

రామ్మా, ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి రా. సంపాదకులకు ఉత్తరం రాస్తే ఏ ఆదివారమో తెలియజేస్తారు. పొద్దున ఆరున్నరకల్లా చేలో ఉంటాం. టోపీ, నీళ్లు తెచ్చుకో. చేతికి గాజులూ గడియారమూ వద్దు, రెక్క మీది పల్చటి పొర గీసుకుపోతుంది. గ్లైడర్ రెక్క కొసను రెండు వేళ్లతో పట్టుకుని, ‘పో’ అనగానే నాలుగు అడుగులు దానితో నడిచి విడిచిపెట్టే మనిషి మాకు ఎప్పుడూ తక్కువే. ‘వదులు’ అన్న మాట మాత్రం చేను గట్టు దాటాక అనకూడదు.