40 కంపెనీల బ్యాలెన్స్ షీట్ పీడీఎఫ్‌ల నుంచి వివరాలు ఎక్సెల్‌లోకి లాగే టూల్ ఏదైనా ఉందా?

నెల్లూరులో రొయ్యల ఎగుమతి ప్లాంట్లకు అట్టపెట్టెలు, థర్మాకోల్ బాక్సులు వేసే ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తున్నానన్నారు. అరువు మీద సరుకు తీసుకునే 40 పార్టీల మూలధనం, టర్నోవర్, అప్పులు ఒకే షీట్‌లో కావాలని మీ ఓనర్ గారు అడిగారన్నారు. ఇదే పని నేను ఒంగోలులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేశాను. మీకు రొయ్యలు, మాకు చీమకుర్తి గ్రానైట్, అంతే తేడా.

టూల్స్ ఉన్నాయండీ. కానీ వాటి జోలికి వెళ్లేముందు ఆ 40లో నిజంగా కంపెనీలు ఎన్నో తేల్చుకోండి. బోర్డు మీద ‘ఎక్స్‌పోర్ట్స్’ అని ఉన్నంత మాత్రాన కంపెనీ అయిపోదు. మీరు వేసిన బిల్లులోనే పార్టీ జీఎస్‌టీ నంబర్ ఉంటుంది, మొత్తం 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, మనది 37. తర్వాతి పదీ పాన్ నంబర్. జీఎస్‌టీ నంబర్‌లో ఆరో అక్షరం చూడండి. ‘సీ’ అయితే కంపెనీ, ‘పీ’ అయితే ఒక మనిషి సొంత వ్యాపారం, ‘ఎఫ్’ అయితే పార్టనర్‌షిప్ లేదా ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న పార్టనర్‌షిప్). సొంత వ్యాపారాలూ మామూలు పార్టనర్‌షిప్‌లూ కంపెనీ వ్యవహారాల శాఖకు బ్యాలెన్స్ షీట్ ఇవ్వవు. వాటి లెక్కలు ఏ టూలూ తెచ్చివ్వలేదు, పార్టీనే అడగాలి. మా లిస్టులో సగానికి పైగా ఇక్కడే ఎగిరిపోయాయి.

మిగిలిన కంపెనీలను పేరుతో వెతక్కండి. మన వైపు శ్రీ వెంకటేశ్వర, శ్రీ లక్ష్మీనరసింహ పేర్లతో ఎన్ని ఉన్నాయో దేవుడికే తెలియాలి. కంపెనీ గుర్తింపు నంబర్, అంటే 21 అక్షరాల సీఐఎన్ పట్టుకోండి. ‘యూ’తో మొదలైతే షేర్ మార్కెట్లో లేనిది, ‘ఎల్’ అయితే ఉన్నది. మధ్యలో రాష్ట్రం కోడ్, పుట్టిన సంవత్సరం ఉంటాయి. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. విభజనకు ముందు హైదరాబాద్‌లో రిజిస్టర్ చేసిన కంపెనీలకు ‘ఏపీ’ అని ఉండేది, తర్వాత అది ‘టీజీ’ అయింది. పాత ఫైల్లో ఒక నంబర్, కొత్త ఫైల్లో ఇంకో నంబర్ కనబడేసరికి మా టూల్ ఒకే కంపెనీని రెండుగా లెక్కేసింది.

సీఐఎన్ దొరికితే శాఖ పోర్టల్లో మాస్టర్ డేటా ఉచితంగానే వస్తుంది: చెల్లించిన మూలధనం, చిరునామా, చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ, ఛార్జీలు. ఛార్జీలంటే ఏ ఆస్తి మీద ఎంత అప్పు తెచ్చారన్నది. అరువిచ్చేవాళ్లకు టర్నోవర్ కన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. చాలామంది దాని జోలికే వెళ్లరు, ఎందుకో మరి.

పూర్తి లెక్కలు కావాలంటే కంపెనీకి 100 రూపాయలు కట్టి డాక్యుమెంట్లు తీసుకోవాలి, ఇచ్చిన గడువులోపు డౌన్‌లోడ్ చేసుకోవాలి. బ్యాలెన్స్ షీట్ ఏఓసీ-4 ఫారంతో వస్తుంది, కంపెనీలు ఏటా శాఖకు లెక్కలిచ్చే ఫారం అది. పాత ఫారాలను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో తెరిస్తే కాసేపు ఆగమనే మాట తప్ప ఇంకేమీ రాదు. ఫైలు పాడైందనుకుని నేను ఒక పూటంతా కొట్టుకున్నాను. అసలు బ్యాలెన్స్ షీట్ ఆ పీడీఎఫ్ కడుపులో అటాచ్‌మెంట్‌గా ఉంటుంది. పాప్లర్ అనే పీడీఎఫ్ టూల్స్ సెట్‌లోని పీడీఎఫ్‌డిటాచ్ కమాండ్‌తో దాన్ని బయటికి తీయాలి. మూలధనం 5 కోట్లో, టర్నోవర్ 100 కోట్లో, అంతకు మించో ఉన్న కంపెనీలు మాత్రం సాధారణంగా ఎక్స్‌బీఆర్‌ఎల్ అనే, కంప్యూటర్ చదవగలిగే ఫైలు పద్ధతిలో ఇస్తాయి. అందులో ప్రతి అంకెకూ అదేమిటో చెప్పే ట్యాగ్ ఉంటుంది కాబట్టి దాన్ని చదవడానికి ఉచితంగా దొరికే అరెల్ సాఫ్ట్‌వేర్ చాలు.

చిన్న కంపెనీల పీడీఎఫ్‌లకు నేను వాడింది పీడీఎఫ్‌ప్లంబర్, పీడీఎఫ్‌లోంచి అక్షరాలు, పట్టికలు తీసే పైథాన్ టూల్. ఇది కూడా ఉచితమే. నా పరువు తీసింది ఇదే, నిజానికి తప్పు నాదే. బ్యాలెన్స్ షీట్‌లో పేరుకీ మొత్తానికీ మధ్య నోట్ నంబర్ అని ఒక కాలమ్ ఉంటుంది కదా. వాటా మూలధనం, నోట్ 2, మొత్తం 5,00,000 అని ఉంటే, మధ్య ఖాళీలు తీసేసే నా కోడ్ దాన్ని 25,00,000 చేసింది. కామాలు కూడా సరిగ్గా కుదిరాయి, ఎవరికి అనుమానం వస్తుంది? ఆడిటర్ గారు ఆ కంపెనీని ఎరిగినవారు కాబట్టి పట్టుకున్నారు. ఆ రోజు టెన్షన్ అంతా ఇంతా కాదు.

అప్పటినుంచి రెండు తనిఖీలు పెట్టుకున్నాను. ఆస్తుల మొత్తం, అప్పులూ మూలధనమూ కలిపిన మొత్తం రూపాయితో సహా సరిపోవాలి. ఈ ఏటి ఫైల్లో ఉన్న గత ఏడాది కాలమ్, గత ఏటి ఫైల్లోని అంకెలతో కలవాలి. పద్దులు అటూ ఇటూ మార్చి చూపినప్పుడు తప్ప ఇది తప్పదు. పైన మూలలో ‘లక్షల్లో’, ‘వేలల్లో’ అని చిన్న అక్షరాలతో రాసినదాన్నీ వదలొద్దు. 2021 ఏప్రిల్ నుంచి అంకెలను అలా గుండ్రం చేసి చూపడం తప్పనిసరి చేశారు. అందుకే పాత ఫైలు రూపాయల్లో, అదే కంపెనీ కొత్త ఫైలు లక్షల్లో ఉండొచ్చు.

స్కాన్ కాపీలు వస్తే బొమ్మలోని అక్షరాలు చదివే టెసెరాక్ట్ ఉంది గానీ, రబ్బరు స్టాంపూ సంతకమూ సరిగ్గా మొత్తం మీదే పడి ఉంటాయి. వాటిని చేత్తో కొట్టుకోవడమే మేలు. అసలు మీ 40లో కంపెనీలు 20 లోపే తేలితే కోడ్ జోలికి పోకండి, కూర్చుంటే రెండు రోజుల పని.