పోలీసు కథలో ద్రోహి ఎవరు?

ప్రశ్న: పోలీసు అవినీతి మీద ఒక క్రైమ్ థ్రిల్లర్ రాశాను. కథానాయకుడు నిజాయితీగల ఇన్‌స్పెక్టర్. అతని ప్రాణమిత్రుడైన మరో ఇన్‌స్పెక్టరే ముఠాకు సమాచారం అందిస్తున్నాడని చివరి అధ్యాయంలో బయటపడుతుంది. చదివినవాళ్లంతా సగంలోనే పసిగట్టామన్నారు. ఎక్కడ దెబ్బతిన్నాను?

జవాబు: మీ రాతప్రతి మొత్తం చదివాను. రహస్యం ముందే తెలిసిపోవడం పెద్ద లోపమని నాకు అనిపించలేదు. ఆ మిత్రుడు డబ్బుకు అమ్ముడుపోయాడని ఒక్క వాక్యంలో తేల్చేశారే, అక్కడ మనసు చివుక్కుమంది. ఏళ్ల తరబడి ఒకే జీపులో తిరిగి, ఒకరి ప్రాణానికి ఒకరు అడ్డుపడిన మనుషులు వాళ్లు. కారణం డబ్బొక్కటే అయితే అంత స్నేహాన్ని మీరు ఎందుకు కట్టినట్టు?

లంచం మరిగిన స్టేషన్లో ద్రోహి అన్న పేరు మొదట ఎవరికి పడుతుందో ఆలోచించండి. వాటా వద్దన్నవాడికి! న్యూయార్క్ పోలీసు ఫ్రాంక్ సెర్పికో సంగతే చూడండి. మఫ్టీలో పనిచేస్తున్న రోజుల్లో, 1966లో, అతని చేతికి 300 డాలర్ల కవరు వచ్చింది. తీసుకోకుండా పై అధికారులకు చెప్పాడు. ఏమీ జరగలేదు. మళ్లీ చెప్పాడు. చివరికి 1970 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ ఆ బాగోతాన్ని మొదటి పేజీలో అచ్చువేసింది. అప్పుడు గాని మేయర్ జాన్ లిండ్సే విచారణ సంఘం వేయలేదు. 1971 ఫిబ్రవరి 3న బ్రూక్లిన్‌లో మాదకద్రవ్యాల దాడికి వెళ్లిన సెర్పికో ఒక తలుపు సందులో ఇరుక్కున్నాడు. లోపలివాడు ముఖం మీద కాల్చాడు. వెంట వచ్చిన తోటి పోలీసులు సహాయం కోసం సందేశం పంపలేదని, పక్క ఫ్లాట్‌లో ఉన్న ముసలాయన ఫోన్ చేశాడని సెర్పికో చెప్పాడు.

మీ కథ ఉండవలసింది ఆ తలుపు దగ్గర. కాల్చినవాడు నేరస్థుడు, అతని సంగతి తేలికే. వెనక నిలబడి ఫోన్ ఎత్తనివాడి మనసులో ఏముందో రాయండి. ఆ క్షణాన ద్రోహం చేస్తున్నానని అతను అనుకోడు. తన పిల్లల చదువునూ తోటివాళ్ల ఉద్యోగాలనూ బజారున పెట్టినవాడికి తానేమీ బాకీ లేనని అనుకుంటాడు. మీ ఇన్‌స్పెక్టర్ మిత్రుడికి ఈ బాధ ఇవ్వండి. అప్పుడు అతని పేరు మొదటి అధ్యాయంలోనే చెప్పేసినా పాఠకుడు పుస్తకం దించడు.

ప్రశ్న: నా కథలో విలన్ సూట్‌కేసు నిండా నోట్లు తెచ్చి కమిషనర్ బల్ల మీద పెడతాడు. అసహజంగా ఉందని ఒక మిత్రురాలు అంది. నిజమేనా?

జవాబు: ఆవిడ మాట వినండి. స్టేషన్లలో పాతుకుపోయిన లంచం అంత ఆర్భాటంగా రాదు, జీతంలా వస్తుంది. ఇందాక చెప్పిన విచారణ సంఘానికి విట్‌మన్ నాప్ అధ్యక్షుడు. 1972లో వెలువడిన ఆ సంఘం నివేదికలోని వివరాలు ఏ నవలలోనూ నాకు దొరకలేదు. జూదపు స్థావరాల నుంచి నెలనెలా వసూలు చేసి అందరూ పంచుకునే ఏర్పాటును అక్కడి పోలీసులు ‘ప్యాడ్’ అనేవారు. మఫ్టీ పోలీసు వాటా మాన్‌హాటన్ నడిబొడ్డున నెలకు 300, 400 డాలర్లుంటే హార్లెమ్‌లో 1,500 దాకా ఉండేది. పర్యవేక్షించే అధికారికి ఒకటిన్నర వాటా.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మరొకటి. కొత్తగా బదిలీ అయి వచ్చినవాడికి దాదాపు రెండు నెలలు వాటా ఇచ్చేవారు కాదు. నమ్మదగినవాడో కాదో ఆ లోపల ఆరా తీసేవారు. అలా పోయిన సొమ్మును అతను అక్కడి నుంచి వెళ్లిపోయేటప్పుడు రెండు నెలల వాటాగా ముట్టజెప్పేవారు. ఎంత పద్ధతి! ఎంత న్యాయం, ఆ అన్యాయంలో! మీ సూట్‌కేసు తీసేసి ఈ రెండు నెలలు రాయండి. కొత్త కానిస్టేబుల్‌ను టీకి పిలుస్తారు, ఇంటి అద్దె ఎంతని అడుగుతారు, పాత స్టేషన్లో అతనితో పనిచేసినవాళ్లకు ఫోన్ చేస్తారు. ఎవరూ బెదిరించరు. అందరూ ఆప్యాయంగానే ఉంటారు. భయం ఆ ఆప్యాయతలోంచి పుట్టాలి.

అదే నివేదిక అవినీతి పోలీసులను రెండు రకాలు చేసింది: చేతికందింది పుచ్చుకునే గడ్డిమేతగాళ్లు, వెతికి వేటాడే మాంసాహారులు. అసలు సమస్య గడ్డిమేతగాళ్లతోనే అంది. వాళ్లు ఎక్కువమంది కాబట్టి, వాళ్ల వల్లే లంచానికి మర్యాద వస్తుంది కాబట్టి. థ్రిల్లర్ రాసేవాళ్లందరూ మాంసాహారి వెంట పడతారు. మీరు గడ్డిమేతగాణ్ణి పట్టుకోండి.

ప్రశ్న: పోలీసుల అధీనంలోని మత్తుమందును పోలీసులే మాయం చేసినట్టు రాస్తే నమ్ముతారా?

జవాబు: నమ్ముతారు. న్యూయార్క్‌లో 1962 నాటి పెద్ద కేసులో పట్టుకున్న హెరాయిన్ పోలీసు భద్రతలోనే మాయమైనట్టు 1972 డిసెంబరులో బయటపడింది. పొట్లాల్లో తెల్లటి పిండి మిగిలింది. దొంగ సంతకాలతో సరుకు బయటికి వెళ్లింది. కాబట్టి తాళాలు పగలగొట్టే దృశ్యం వద్దు, రిజిస్టరు చూపించండి. సంతకం చేయించుకునే గుమాస్తా తల ఎత్తి చూశాడా లేదా అన్నది మీ కథకు కీలకం.

ప్రశ్న: చివర్లో పెద్ద అధికారి జైలుకు వెళ్లాలా, తప్పించుకోవాలా?

జవాబు: రెండూ జరగవచ్చు. హాంకాంగ్‌లో చీఫ్ సూపరింటెండెంట్ పీటర్ గాడ్‌బర్ దగ్గర 43 లక్షల హాంకాంగ్ డాలర్లకు పైగా ఆస్తి తేలింది. విచారణ జరుగుతుండగానే 1973 జూన్‌లో, విమానాశ్రయంలో తనకున్న పోలీసు పాసు వాడుకుని బ్రిటన్‌కు పారిపోయాడు. జనం వీధుల్లోకి వచ్చారు. 1974 ఫిబ్రవరిలో పోలీసులతో సంబంధం లేని అవినీతి నిరోధక సంస్థ ఏర్పడింది. 1975లో అతన్ని వెనక్కి రప్పించి నాలుగేళ్ల శిక్ష వేశారు. అతన్ని పట్టించింది ఏ నిజాయితీపరుడో కాదు. వాంచాయ్‌లో పోస్టింగు కోసం అతనికి 25,000 హాంకాంగ్ డాలర్లు ఇచ్చిన సాటి పోలీసు అధికారే కోర్టులో సాక్ష్యం చెప్పాడు.

అక్కడితో కథ ముగిసిందా? 1977 అక్టోబరులో కోపోద్రిక్తులైన పోలీసులు ఆ సంస్థ కార్యాలయంలోకి చొరబడి అక్కడివారిని కొట్టారు. మరుసటి నెల గవర్నర్ పాత నేరాలు చాలావాటికి క్షమాభిక్ష ప్రకటించవలసి వచ్చింది. మీ ఆఖరి అధ్యాయాన్ని శిక్ష దగ్గర ఆపకండి. క్షమాభిక్ష వచ్చిన మర్నాడు, సాక్ష్యం చెప్పినవాడూ శిక్ష తప్పించుకున్నవాడూ ఒకే స్టేషన్‌లో డ్యూటీకి రావాలి. వాళ్లకు ఒకే గది ఇచ్చి, మొదట ఎవరు మాట్లాడతారో రాసి పంపండి, చదువుతాను.