వాడు ఎవరివైపు చూస్తున్నాడో గమనించు

పర్లాకిమిడి

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మనవడు తన తరగతిలోని సవర గిరిజన పిల్లవాడి పుస్తకాల సంచి దాచేస్తున్నాడని, వాడి మాటను అందరి ముందూ వెక్కిరిస్తున్నాడని హెడ్మాస్టరు గుణుపురం బడికి పిలిపించి చెప్పారన్నావు. "నా కడుపున ఇలాంటివాడు పుట్టాడేమిటి" అని రాశావు. ఆ మాట వాడి చెవిన పడనివ్వకు తల్లీ. పద్నాలుగేళ్లవాడు చెడ్డపని చేస్తున్నాడు, అది ఆగి తీరాలి. వాడికి చెడ్డవాడని పేరు పెడితే మాత్రం ఆ పేరునే నిలబెట్టుకుంటాడు.

ఇలాంటి పిల్లలు పైకి గట్టిగా కనిపించినా లోపల పిరికివాళ్ళని అందరూ అంటుంటారు. నార్వేలో 1970ల నుంచి ఈ విషయం మీదే పనిచేసిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చాలామంది విషయంలో అది నిజం కాదని చెప్పారు. ఎదుటివాడు తనకు లొంగి ఉండడం వాళ్ళకు ఇష్టం. బలహీనుడిని కావాలని, పదే పదే బాధపెట్టడమే వేధింపు అని ఆయన నిర్వచనం. నీ కొడుకు చేస్తున్నది సరిగ్గా అదే. సరదా అని సర్దిచెప్పకు.

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే రోజుల్లో వరండాలో ఒకడు, తనకంటే చిన్నవాడి చేత ఒక ఒడియా మాటను మళ్ళీ మళ్ళీ పలికిస్తున్నాడు. చిన్నవాడు తప్పు పలికిన ప్రతిసారీ నవ్వులు. స్తంభం పక్కన నిలబడి చూశాను. వాడి కళ్ళు ఏడుస్తున్న పిల్లవాడి మీద లేవు. వెనక ఉన్న ముగ్గురు నవ్వుతున్నారా లేదా అని తిరిగి తిరిగి చూసుకుంటున్నాడు. ఆ రోజు బెత్తం తీసి కొట్టాను. నెల తర్వాత తెలిసింది, వ్యవహారం వరండా నుంచి నది దారికి మారిందని. నేను నేర్పింది దొరక్కుండా చేయడం ఒక్కటే. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకే మనవడి వెనక నిలబడి నవ్వేవాళ్ళ సంగతి ముందు చూడు. చేయి కలిపేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, చూసీ చూడనట్టు తప్పుకునేవాళ్ళు, అడ్డుపడేవాళ్ళు అని ఫిన్లండ్‌లో సాల్మివల్లి అనే పరిశోధకురాలి బృందం 1996లో తోటి పిల్లలను విడదీసి చూపింది. నవ్వేవాళ్ళు నవ్వడం మానితే ఆటకు సగం ప్రాణం పోతుంది. వాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడమని క్లాసు టీచరును అడుగు.

మనవడితో మాట్లాడేటప్పుడు "ఎందుకు చేశావు" అనకు, సాకులు వస్తాయి. "ఏమి చేశావు, అప్పుడు వాడి ముఖం ఎలా ఉంది" అని అడిగి, చెప్పేదాకా ఓపిక పట్టు. ఒడియా మీడియంలో చేరిన ఏడాది మనవడిని యాస పేరుతో పిల్లలు ఎంత ఏడిపించారో నీకు తెలుసు. ఆ నొప్పి గుర్తుచెయ్యి. అయితే దాన్ని మాఫీగా వాడుకోనివ్వకు. సంచి పాడైతే కొత్తది వాడు దాచుకున్న డబ్బుతోనే కొనాలి. ఆ పిల్లవాడి ఇంటికి లాక్కెళ్ళి అందరి ముందూ క్షమాపణ చెప్పించకు. దెబ్బ తిన్నవాడు ఇష్టం లేకపోయినా తల ఊపాల్సి వస్తుంది. వాళ్ళకు ఏమి కావాలో టీచరు ద్వారా ముందు కనుక్కో.

అల్లుడికి ఒక మాట చదివి వినిపించు. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్ళు బొమ్మను కొడుతుంటే చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. భోజనాల దగ్గర పనివాళ్ళను కసిరే కంఠం పిల్లవాడు వింటూనే ఉంటాడు. కోపంగా అనడం లేదు, అల్లుడంటే నాకు ప్రేమే.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. మనవడు వెక్కిరించే భాష అదే. ఈ సంగతి వాడికి నేనే చెబుతాను. దసరా సెలవులకు పంపించు. సాయంత్రాలు మహేంద్రతనయ ఒడ్డున నడుద్దాం. నాకు ఇదంతా రాశావని మాత్రం వాడికి ముందే చెప్పు. చాటుగా తెలుసుకున్నానని అనుకుంటే నాతో నోరు విప్పడు.

మీ మామయ్య