గడ్డకు రక్తం అందకుండా చేసే మందు... అమ్మకు వేయించాలా?

ప్రశ్న: మా అమ్మకు 57 ఏళ్లు. ఓవరీ క్యాన్సర్, స్టేజ్ 3సి. లంగా బొందు బిగుతవుతోందని అమ్మ అంటుంటే గ్యాస్ అనుకుని నాలుగు నెలలు గడిపేశాం, తీరా చూస్తే పొట్ట నిండా నీరు. మూడు వారాల క్రితం ఆపరేషన్ చేశారు, కొంత గడ్డ తీయలేకపోయామన్నారు. ఇప్పుడు కీమోతో పాటు బెవాసిజుమాబ్ ఇద్దామంటున్నారు. అది రక్తనాళాలు లేకుండా చేసి క్యాన్సర్‌ను మాడ్చి చంపేస్తుందని యూట్యూబ్‌లో చూశాను. అమ్మకు బీపీ ఉంది. ఎకరం పొలం అమ్మైనా వేయిద్దామంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయించవచ్చమ్మా. మీ డాక్టర్ చెప్పింది సరైన మాటే. వీడియోలో చెప్పింది మాత్రం సగమే నిజం, ఆ మిగతా సగం తెలిశాకే పొలం సంగతి ఆలోచించండి.

ఈ ఆలోచన జూడా ఫోక్‌మన్ అనే అమెరికా సర్జన్‌ది. 1960ల మొదట్లో నేవీ ల్యాబ్‌లో పనిచేస్తూ, కుందేలు థైరాయిడ్ గ్రంథిని విడిగా బతికించి అందులో క్యాన్సర్ కణాలు పెట్టి చూస్తే, అవి గుండుసూది తల అంత పెరిగి ఆగిపోయాయి. వాటినే తీసి ఎలుకలో పెడితే గబగబా పెరిగాయి. ఎలుకలో కొత్త రక్తనాళాలు గడ్డలోకి పాకాయి, విడి గ్రంథిలో పాకలేదు, తేడా అంతే. గడ్డే ఆ నాళాలను పిలిపించుకుంటుందని, దాన్ని ఆపితే చికిత్స అవుతుందని ఆయన 1971లో రాస్తే చాలామంది నమ్మలేదు. అలా పిలిచే పదార్థాల్లో ముఖ్యమైనది వీఈజీఎఫ్, దాన్ని పట్టేసేదే మీరడిగిన మందు.

మీ అమ్మగారి పొట్టలో నీటికీ దీనికీ సంబంధం ఉంది. ఆ వీఈజీఎఫ్ రక్తనాళాలను పెంచడమే కాదు, వాటిని కారేలా చేస్తుంది, అసలు 1983లో హెరాల్డ్ డ్వోరాక్ బృందం దీన్ని మొదట గుర్తించింది ఈ కారించే గుణం వల్లనే. ఓవరీ క్యాన్సర్‌లో నీరు అంతగా చేరడానికి ఇదొక పెద్ద కారణం, ఈ మందు పడ్డాక చాలామందికి నీరు తగ్గేదీ అందుకే.

ఇక ఫలితం. 2011లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, కీమోతో మొదలుపెట్టి ఆ తర్వాత కూడా ఈ మందు కొనసాగించిన వాళ్లలో జబ్బు మళ్లీ ముదరడానికి సగటున 14 నెలలు పట్టింది, కీమో ఒక్కటే తీసుకున్న వాళ్లలో 10 నెలలు. అంటే దాదాపు నాలుగు నెలలు. మొత్తం మీద ఆయుష్షు పెద్దగా పెరగలేదు, కానీ అదే ఏడాది వచ్చిన ఇంకో ట్రయల్‌లో, ఆపరేషన్‌లో గడ్డ మిగిలిపోయినలాంటి ముదిరిన కేసుల్లో ఆయుష్షులోనూ తేడా కనిపించింది. మీ అమ్మగారిది ఆ కోవే కాబట్టి నేను వేయించవచ్చన్నాను. పూర్తిగా నయం చేస్తుందని మాత్రం అనుకోవద్దు. ఎలుకల్లో తన మందులు పనిచేశాయని 1998లో పేపర్లు ఊదరగొడితే ఫోక్‌మనే అన్నారు, మీకు క్యాన్సర్ ఉండి మీరు ఎలుక అయితే మేం బాగా చూసుకోగలం అని!

ఆపరేషన్ అయి మూడు వారాలేగా, కుట్లు పూర్తిగా మానాలి, కనీసం 28 రోజులు ఆగాలి. అందుకే మొదటి కీమోలో వదిలేసి రెండో దాని నుంచి కలుపుతుంటారు, మీ డాక్టర్‌ను ఈ ఒక్క మాట తప్పక అడగండి. బీపీ ఉందని మందు మానక్కర్లేదు, అదుపులో ఉంటే చాలు, కానీ ఇది బీపీని పెంచుతుంది కాబట్టి ఇంట్లో మిషన్ పెట్టుకుని రోజూ చూసి పుస్తకంలో రాయండి, ప్రతి డోసుకు ముందు మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. ముక్కులోంచి కాస్త రక్తం వస్తే టెన్షన్ పడొద్దు, డాక్టర్‌కు చెబితే చాలు. ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వస్తే మాత్రం గ్యాస్ మాత్ర వేసి కూర్చోవద్దు (ఒకసారి అయిందిగా!), అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. అరుదుగా పేగుకు చిల్లు పడుతుంది.

ఖర్చు విషయానికొస్తే, హైదరాబాద్‌లోని హెటిరోతో సహా మన కంపెనీలు దీని బయోసిమిలర్లు, అంటే అసలు మందును పోలిన రకాలు, చేస్తున్నాయి, ఏది వాడతారో, ఎన్ని డోసులో ముందే రాయించుకోండి, ఆరోగ్యశ్రీలో ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. దాంతో పాటు బీఆర్‌సీఏ (ఆ జన్యువుల్లో లోపం ఉందేమో చూసేది), హెచ్‌ఆర్‌డీ (గడ్డ కణాలు పాడైన డీఎన్‌ఏను బాగుచేసుకోలేకపోతున్నాయేమో చూసేది) పరీక్షలు చేయించారా? అవి పాజిటివ్ వస్తే కీమో అయ్యాక ఈ మందుతో ఒలాపరిబ్ మాత్రలు కలిపి ఇస్తే లాభం బాగా ఎక్కువ. బీఆర్‌సీఏ లోపం అమ్మకు పుట్టుకతోనే ఉందని తేలితే మీరూ చేయించుకోవాలి. ఆ రిపోర్టులు చేతికొచ్చేదాకా నాన్నగారిని పొలం బేరం పెట్టవద్దనండి.